క్లెయిమ్ ఫారంలో కుక్క లేదు

పోయిన వానాకాలంలో మా అబ్బాయి కారు తీసుకెళ్లి ఒక ఆటోని వెనకనుంచి గుద్దాడు. ఎవరికీ దెబ్బల్లేవు. ఆటో వెనక రేకు లోపలికి నొక్కుకుపోయింది. మా కారుకి ముందు బంపరు పగిలింది, ఎడమ హెడ్‌లైటు పోయింది, బానెట్ అంచు కాస్త పైకి లేచింది. నష్టం అంతే. ఆ తర్వాత ఇంట్లోనూ వర్క్‌షాపులోనూ ఇన్సూరెన్స్ వాళ్లతోనూ నడిచిన తతంగమే పెద్దది. పిల్లలు కారు నేర్చుకుంటున్న ఇళ్లలో ఈ ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కాబట్టి, మాకు ఎలా గడిచిందో రాస్తున్నాను.

వాడికి పందొమ్మిదేళ్లు, తిరుపతిలోనే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. లైసెన్సు చేతికొచ్చి కొన్ని నెలలే అయ్యింది. మా ఆయన ఉద్యోగం నెల్లూరులో, శనివారం వస్తే సోమవారం పొద్దున్నే వెళ్లిపోతారు, కాబట్టి వారమంతా ఇంట్లో నేనూ, వాడూ, మా అత్తగారూ. మా అత్తగారు ఇందులో చాలాసార్లు వస్తారు, వాడు అవ్వా అంటాడు కాబట్టి నేనూ అవ్వ అనే రాస్తాను.

సాయంత్రం ఫోన్ చేసి "అమ్మా, నువ్వు కూర్చోనుండావా?" అన్నాడు. పిల్లలు ఇట్లా మొదలుపెట్టారంటే ఏదో అయ్యిందనే లెక్క. నీకేమైనా తగిలిందా అని అడిగాను, లేదన్నాడు. అవతల వాళ్లకి? "ఆటో అన్న దిగినాడు, అరస్తా ఉండాడు." అరుస్తున్నాడంటే బాగానే ఉన్నాడు. అప్పుడు నా గుండె కిందికి దిగింది, అప్పటిదాకా గొంతులోనే ఉంది. కారు గురించి ఆ ఫోన్‌లో నేను ఒక్క మాట అడగలేదు, వాడంతట వాడే "బంపర్ పోయింది మా" అని రెండుసార్లు చెప్పాడు.

తర్వాత వరసగా కొన్ని పనులు చెప్పాను, గుర్తుపెట్టుకుంటే మీకూ పనికొస్తాయి. ఇంజను ఆపి నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే హజార్డ్ లైట్లు వెయ్యమన్నాను. రోడ్డు వైపు కాకుండా ఎడమవైపు డోర్ నుంచి దిగమన్నాను. వెళ్లి ఆ అన్నకి మెడ దగ్గర, నడుము దగ్గర నొప్పేమైనా ఉందా అని మర్యాదగా అడగమన్నాను, ఉంటే ముందు 108, తర్వాతే మిగతావన్నీ. బండ్లు కదిలించే ముందు రెండూ ఎలా ఆగాయో, నంబరు ప్లేట్లు కనిపించేలా, రోడ్డు కూడా పడేలా ఫోటోలు తియ్యమన్నాను. ఆ తర్వాత రెండు బండ్లూ పక్కకి తీసి ట్రాఫిక్‌కి దారి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడినుంచి ఎక్కడికీ కదలొద్దన్నాను. భయమేసి వెళ్లిపోయే పిల్లలున్నారు, చిన్న గీతతో పోయే విషయం అప్పుడు కేసు అవుతుంది. ప్రమాదం జరిగాక డ్రైవరు ఏమేం చెయ్యాలో మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌లో ఉంది: దెబ్బలు తగిలినవాళ్లకి వైద్యం అందేలా చూడాలి, పోలీసులు అడిగితే వివరాలు ఇవ్వాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజెయ్యాలి.

స్కూటీ తీసుకుని బయల్దేరాను. కపిలతీర్థం దాటి అలిపిరి వైపు వెళ్లే రోడ్డు. ఆ రోడ్డు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఆటో ఎక్కడ ఆగుతుందో ఆటోకి కూడా తెలియదు, ఎడమపక్క ఎవరైనా భక్తులు చెయ్యెత్తితే అక్కడే బ్రేకు. జరిగింది అదే. ఆటో ఆగింది, ఆ క్షణంలో వెనక కొండ బస్సు హారన్ కొడుతుంటే వీడు అద్దంలోకి చూశాడు, మళ్లీ ముందుకి చూసేసరికి ఆటో బంపరు ముందుంది. బ్రేకు తొక్కాడు కానీ దూరం చాలలేదు. ఫోన్ చూడలేదని చెప్పాడు, నమ్మాను.

నేను వెళ్లేసరికి అక్కడ ఒక పంచాయితీ నడుస్తోంది. తమిళనాడు నుంచి టెంపోలో వచ్చిన నలుగురైదుగురు దిగి తమిళంలో తీర్పు చెబుతున్నారు, పక్క టీ బంకు ఆయన తెలుగులో ఇంకో తీర్పు చెబుతున్నాడు, "ఏం సామీ, చిన్న పిల్లోడు, వదిలెయ్ సామీ" అని ఎవరో, "చిన్న పిల్లోడికి కారెందుకిచ్చినారు" అని ఇంకెవరో. మధ్యలో మావాడు ఫోన్ పట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

ఆటో అన్న నన్ను చూడగానే "మా, బిడ్డని నేనేమీ అన్లేదు మా" అన్నాడు. అప్పటిదాకా అరిచిన గొంతు బొంగురు పోయి ఉంది. ఎనిమిది వేలు అడిగాడు. నేను బేరం మొదలుపెట్టలేదు. నొప్పులేమైనా ఉన్నాయా అని మళ్లీ అడిగాను, ఇప్పుడు తెలియకపోయినా రేపు మెడ పట్టేసినట్టు అనిపిస్తే ఫోన్ చెయ్యమని చెప్పాను. తర్వాత మీరు ఎప్పుడూ చేయించే టింకరింగ్ షాపుకే పోదాం, ఆయన ఎంతంటే అంత, పదమన్నాను. మావాడు ఆటోలో ఆయన పక్కన కూర్చుని వెళ్లాడు, నేను వెనక స్కూటీ మీద. ఆ పది నిమిషాల్లో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు, దిగేటప్పటికి మాత్రం "అన్నా", "తమ్ముడూ" దాకా వచ్చారు.

టింకరింగ్ ఆయన రేకు తట్టి పెయింట్ వెయ్యడానికి 3,200 అన్నాడు. ఒకరోజు బండి ఆగిపోతుంది కదా, ఆ రోజు కూలి కూడా కలిపి నాలుగు వేలు ఇద్దామని నేనే అన్నాను. ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను: రోజు సంపాదన ఇవ్వాలా అని మా ఆయన తర్వాత అడిగారు, ఇవ్వాలి. ఆయన బండి మనవల్ల ఆగింది. ఆ నాలుగు వేలూ మావాడు కొత్త ఫోన్ కోసం దాచుకున్న డబ్బులోంచి తీశాడు. ఏటీఎంకి వాడే వెళ్లి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. నేను ఇవ్వగలను, ఇవ్వలేదు.

కాగితం రాయమన్నాను. తేదీ, చోటు, రెండు బండ్ల నంబర్లు, ఎవరికీ దెబ్బల్లేవని, డబ్బు ముట్టిందని, ఇకమీదట ఏమీ అడగనని, ఇద్దరి సంతకాలు. "కాయితం ఎందుకు మా, కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా" అన్నాడు ఆయన. మా చిత్తూరు వైపు ఈ మాట అన్నారంటే దానిమీద ఇంక వాదన ఉండదు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధం ప్రమాణం చెయ్యరని నమ్మకం. అయినా నేను కాగితం రాయించాను, ఫోటో తీసుకున్నాను.

ఇలా చేతికి చేయిగా ఎందుకు తేల్చుకున్నామంటే, ఎదుటివాళ్ల బండి నష్టం మన థర్డ్ పార్టీ పాలసీ నుంచి రావాలంటే పోలీసు ఫిర్యాదు, ఆ తర్వాత మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్. రేకు నొక్కుకుపోయినదానికి అంత దూరం ఎవరు తిరుగుతారు. కానీ ఒక సంగతి తెలిసి చెయ్యాలి, కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మనం ఎదుటివాళ్లకి ఇచ్చే మాటకీ డబ్బుకీ వాళ్లకి సంబంధం లేదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఆ నాలుగు వేలు మావే, తిరిగి రావు. దెబ్బలు తగిలి ఉంటే మాత్రం ఇట్లా రోడ్డు మీద తేల్చే పనే కాదు, ఆసుపత్రి, పోలీసు స్టేషను, రెండూ తప్పవు.

ఇంటికొచ్చాం. అవ్వ గుమ్మంలోనే ఆపేసింది. లోపలికి రానివ్వకుండా ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదట, అంటే దిష్టి గట్టిగా ఉందని అర్థం. ఎదురింటావిడ మొన్న కారు చూసి "బాగుందే" అన్నదట, తప్పంతా ఆమెదేనని తేల్చేసింది. మా ఆయన ఫోన్‌లో "ఇంక వాడిని తాళం ముట్టుకోవద్దని చెప్పు, నేను వచ్చాక చూస్తా" అన్నారు. పక్క వీధిలో ఉండే మా ఆడపడుచు భర్త వచ్చి కారు చుట్టూ తిరిగి, ఎయిర్‌బ్యాగులు ఎందుకు తెరుచుకోలేదని అడిగారు, కంపెనీ మీద కేసు వెయ్యాలన్నారు. నెమ్మదిగా వెళ్తూ తగిలితే అవి తెరుచుకోవు, ఒక స్థాయికి మించిన దెబ్బకే తెరుచుకునేలా చేస్తారు. ఇంత చిన్నదానికి తెరుచుకుని ఉంటేనే బాధ, వాటి ఖర్చు బంపరు ఖర్చుకి ఎన్నో రెట్లు ఉంటుంది. సీటు బెల్టు పెట్టుకున్నాడా అని మాత్రం ఎవరూ అడగలేదు. పెట్టుకున్నాడు.

ఆ రాత్రే ఇన్సూరెన్స్ కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకి వాడి చేత ఫోన్ చేయించాను. పాలసీ వాళ్ల నాన్న పేరు మీద ఉంది, నేను పక్కన కూర్చున్నాను, మాట్లాడింది వాడే. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు నడిపారు, లైసెన్సు నంబరు, ఎవరికైనా గాయాలా. క్లెయిమ్ నంబరు మెసేజ్ వచ్చింది. ఆలస్యం చేస్తే ప్రశ్నలు ఎక్కువవుతాయి కాబట్టి ముందు చెప్పేయడం మంచిది, క్లెయిమ్ తీసుకోవాలా వద్దా అనేది తర్వాత ఆలోచించుకోవచ్చు.

మర్నాడు వర్క్‌షాపుకి తీసుకెళ్లేముందు కారు కింద కూలెంట్ ఏమైనా కారిందేమో చూశాం, ముందు గుద్దినప్పుడు రేడియేటర్ దెబ్బతిని ఉంటే తెలియకుండా నడిపి ఇంజను పాడుచేసుకుంటారు. ఏమీ లేదు. వర్క్‌షాపులో క్లెయిమ్ ఫారం ఇచ్చారు. దాంట్లో ప్రమాదం ఎలా జరిగిందో రాయమని ఒక గడి ఉంటుంది. అసలు కథ ఇక్కడే.

అక్కడి సూపర్‌వైజరు చాలా మంచివాడు, సాయం చేద్దామనే అన్నాడు. "మేడం, కుక్క అడ్డమొచ్చింది, తప్పించబోయి గోడకి తగిలిందని రాసెయ్యండి. అందరూ అదే రాస్తారు. ఆటో అంటే మళ్లీ ఆటో ఆయన వివరాలు, థర్డ్ పార్టీ, అదీ ఇదీ." తిరుపతిలో ఉన్న బంపర్లన్నీ కుక్కల వల్లే పగిలాయంటే ఈపాటికి ఊళ్లో కుక్క మిగలకూడదు. అంతలో మా ఆడపడుచు భర్త ఫోన్: "పిల్లోడికి లైసెన్సు కొత్త, నువ్వు నడిపినట్టు రాయి, నీది పాతది, ఎవరూ అడగరు." ఇద్దరూ మన మంచికే చెబుతున్నారు, అదే చిక్కు.

మావాడు పెన్ను పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. నేను వాడికి చెప్పింది ఇంతే: లైసెన్సు కొత్తదైనా పాతదైనా చెల్లుతుందా లేదా అన్నదే లెక్క, నీది చెల్లుతుంది. ఫోటోల్లో ఆటో ఉంది, నిన్న ఫోన్‌లో నువ్వే ఆటో అని చెప్పావు, రికార్డవుతుంది. ఇప్పుడు కుక్క అని రాస్తే కాగితం మీద అబద్ధం నీ సంతకంతో ఉంటుంది, వాస్తవాలు దాచారని తేలితే మొత్తం క్లెయిమే కొట్టేసే హక్కు వాళ్లకుంది. రాసేది నువ్వు, నీ ఇష్టం.

వాడు చాలాసేపు కూర్చున్నాడు. నిజానికి ఆ గడిలో రాయడానికి నాలుగు లైన్లు చాలు. ముందు "ఆటో హఠాత్తుగా ఆగడం వల్ల" అని మొదలుపెట్టి, ఆగి, కొట్టేసి, కింద మళ్లీ రాశాడు: "ముందు వెళ్తున్న ఆటో ఆగింది. నేను వెనక అద్దంలో చూస్తున్నాను. దూరం తక్కువగా ఉండటం వల్ల సమయానికి ఆపలేక వెనకనుంచి తగిలించాను. ఎవరికీ గాయాలు లేవు." కొట్టివేత దగ్గర సంతకం పెట్టాడు. సూపర్‌వైజరు చదివి "ఇట్లా రాసినోళ్లని నేను చూల్లేదు సార్" అన్నాడు. పంతొమ్మిదేళ్ల వాడిని సార్ అన్నాడు, అది వాడికి బాగా నచ్చింది, ఇంటికొచ్చి అవ్వకి చెప్పాడు.

నష్టం ఎంతో చూసి లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చాడు. ఛాసిస్ నంబరు, ఆర్‌సీ, ఒరిజినల్ లైసెన్సు చూశాడు. ఆటో ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడులో ఉన్నావని మావాడినే అడిగాడు. నలభై లోపే అన్నాడు వాడు. ఫారంలో ఉన్నదే నోటితోనూ చెప్పాడు కాబట్టి రెండో ప్రశ్న రాలేదు. ఆటో గురించి ఇంకే కాగితమూ అడగలేదు, రాజీ కాగితం ఫోటో చూపిస్తే తలూపి వెళ్లిపోయాడు.

ఇక డబ్బు లెక్క. చాలామందికి ఇక్కడే కోపం వస్తుంది, బిల్లంతా ఇన్సూరెన్స్ వాళ్లు కడతారనుకుంటారు. మాది నాలుగేళ్లు దాటిన కారు, భాగాలు పాతబడ్డాయని విలువ కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవరు లేదు. ఎస్టిమేట్ 17,500. అందులో బంపరు, గ్రిల్, హెడ్‌లైటు కలిపి 9,000. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి కారు వయసు ఎంతైనా సగం కోత, అంటే 4,500 మాది. పెయింటింగ్ 5,000, అందులో పావు వంతు రంగు సామాను కింద లెక్కేసి దాంట్లో సగం కోస్తారు, అది 625. డెంటింగ్, బిగింపు కూలి 3,500కి కోత లేదు. చివర్లో ప్రతి క్లెయిమ్‌లోనూ మనమే కట్టుకోవాల్సిన తప్పనిసరి మినహాయింపు, 1,500 సీసీ దాకా కార్లకి వెయ్యి. అన్నీ పోగా కంపెనీ ఇచ్చేది 11,375. బానెట్ మార్చకుండా సరిచేశారు కాబట్టి సరిపోయింది. మార్చి ఉంటే నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య కారుకి ఇనుప భాగాల మీద 35 శాతం కోత.

క్లెయిమ్ తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అవుతుంది. మాకు 45 శాతం ఉంది, వచ్చే రెన్యువల్‌కి 50 అయ్యేది. ఆ తగ్గింపు మన కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ మీద కాదు. ఈ లెక్క మావాడికే ఇచ్చాను. తగ్గింపు లేకుండా ఆ ప్రీమియం 6,000 అనుకుని వేశాడు. మొదటి ఏడాది 50 శాతం పోతుంది, తర్వాత 50 బదులు 20, ఆ తర్వాత 25, 35, 45, ఐదేళ్లలో మొత్తం 7,500 నష్టం. అంటే క్లెయిమ్ వల్ల నికరంగా మిగిలేది నాలుగు వేల లోపు. "ఇంత తిరిగింది నాలుగు వేలకేనా మా!" అన్నాడు. ఎస్టిమేట్ పది వేలు ఉండుంటే మేమే కట్టుకునేవాళ్లం. పెద్ద మొత్తం చూసి ఎగబడకుండా ఒక కాగితం మీద ఇది వేసుకోండి, చాలా చిన్న డెంట్లకి క్లెయిమ్ దండగ. మేం తీసుకున్నాం, ఎందుకంటే ఆ నెలలో వాడి సెమిస్టరు ఫీజు ఉంది.

కారు తిరిగొచ్చింది. వాడు మాత్రం తాళం వైపు చూడడం మానేశాడు. పాలు తేవాలంటే నడిచి, స్నేహితుల దగ్గరికంటే వాళ్ల బండి ఎక్కి. మా ఆయన శనివారం వచ్చి "మంచిదే, కొన్నాళ్లు వదిలెయ్యనీ" అన్నారు. నాకు అది మంచిదనిపించలేదు. కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో ఎవరికీ తెలియదు, మా చిన్నాన్న ఒకాయన ముప్పై ఏళ్ల కిందట ఎడ్లబండిని తగిలించి మళ్లీ స్టీరింగ్ పట్టుకోలేదు, ఇప్పటికీ ఎవరు కారు నడిపినా పక్కన కూర్చుని బ్రేకు తొక్కుతుంటాడు. ఆదివారం తెల్లవారుజామున లేపి, చంద్రగిరి కోటదాకా పోయొద్దాం పద, నేను పక్కన కూర్చుంటానన్నాను. మా ఆయన వెనక కూర్చున్నారు, మాట్లాడకూడదనే షరతు మీద.

ఆ రోజు ఒక్క పనే చేశాం, దూరం. ముందు బండి ఏదైనా స్తంభం దాటగానే లెక్క మొదలుపెట్టి, మనం ఆ స్తంభం చేరేసరికి కనీసం మూడు సెకన్లు ఉండాలి. నలభైలో వెళ్తుంటే సెకనుకి పదకొండు మీటర్లు. అద్దంలోకి ఒక్క సెకను చూస్తే పదకొండు మీటర్లు ముందు ఏముందో చూడకుండా వెళ్లినట్టే. ఈ అంకె చెప్పగానే మా ఆయన వెనకనుంచి "అవునా?" అన్నారు, షరతు మర్చిపోయి. ఆయన పాతికేళ్లుగా నడుపుతున్నారు. అంత దూరం వదిలితే మధ్యలో ఆటోలు దూరిపోతాయి కదా అన్నారు. దూరితే దూరనీ, మళ్లీ వదులుతాం. అద్దం చూడాలంటే దూరం ఉన్నప్పుడే చూడు, వెనక బస్సు ఎంత హారన్ కొట్టినా అది దాని బాధ, మనం జవాబు చెప్పాల్సింది ముందున్న బండికి. కపిలతీర్థం రోడ్డు మీదకి వారం తర్వాత తీసుకెళ్లాను. ఆటోలు యథాప్రకారం ఎక్కడపడితే అక్కడ ఆగుతూనే ఉన్నాయి.

అవ్వ మాత్రం ఈ సెకన్లు, మీటర్లు ఏవీ ఒప్పుకోలేదు. రిపేరు తర్వాత కారుకి పూజ చేయించలేదని రోజూ అదే పాట, చివరికి కాణిపాకం వెళ్లాం. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వాడే నడిపాడు. గుడి దగ్గర పూజ అయ్యాక టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, వాటిమీద నుంచి నెమ్మదిగా పోనివ్వమన్నారు, పోనిచ్చాడు. తిరుగు దారిలో ఆటో అన్నకి ఫోన్ చేసి మెడ నొప్పి ఏమీ లేదు కదన్నా అని అడిగాడు, అదీ నేను చెప్పకుండానే, కారు పక్కకి ఆపి. ఏమీ లేదన్నాడట, ఎవరైనా బంధువులు కొండకి వస్తే తన ఆటోనే మాట్లాడమని నంబరు సేవ్ చేసుకోమన్నాడట. అవ్వ వెనక సీట్లోంచి ఛార్జీ ఎంత తీసుకుంటాడో ముందే కనుక్కోమంది.